ఇళ్లను తనిఖీ చేసేవారికి లైసెన్సు: బెంగళూరులో అడిగితే ఎవరిస్తారు?

సంక్షిప్తంగా: కొనేవారి కోసం ఇల్లు చూసి లోపాలు చెప్పే హోం ఇన్‌స్పెక్టర్ అనే వృత్తికి భారతదేశంలో ప్రత్యేక లైసెన్సు లేదు. కర్ణాటక ప్రభుత్వం గానీ, బెంగళూరు నగరపాలక సంస్థలు గానీ, స్థిరాస్తి నియంత్రణ సంస్థ అయిన రెరా గానీ అలాంటిది జారీ చేయవు. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఇస్తాయి. అక్కడ ఇళ్ల అమ్మకం జరిగే తీరు, కోర్టు తీర్పులు కలిసి ఈ వృత్తిని పుట్టించాయి. ఇక్కడ దానికి దగ్గరగా ఉన్నవి ఇంజనీరు నమోదు, ఆస్తి విలువ కట్టే వాల్యుయర్ నమోదు, విద్యుత్ పర్మిట్లు. వీటిలో ఏదీ కొనుగోలుదారు తరఫున ఇల్లు మొత్తాన్ని చూసే పనికి ఉద్దేశించినది కాదు. ఇన్‌స్పెక్టర్‌కు ఉన్న చదువు, అతని స్వతంత్రత, నివేదిక రాసిన పద్ధతి, ఈ మూడింటిని బట్టే ఇప్పటికి ఆ నివేదికకు విలువ.

వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు, బెళ్లందూరు, కృష్ణరాజపురం ప్రాంతాల్లో ఫ్లాటు కొనే తెలుగు కుటుంబాల లెక్కల్లో ఒక కొత్త ఖర్చు కనిపిస్తోంది. తాళాలు చేతికి రాకముందే ఒక తనిఖీ సంస్థను పిలిపించి గోడలు, గచ్చు, కుళాయిలు, వైరింగు చూపించుకోవడం. అమెరికాలో ఉన్న అన్నో చెల్లెలో "ఇన్‌స్పెక్షన్ చేయించకుండా సంతకం పెట్టొద్దు" అని ఫోనులో చెప్పడం ఇందుకు ఒక కారణం. రెరా వచ్చాక బిల్డరును నిలదీయవచ్చన్న ధైర్యం మరో కారణం. గిరాకీ కనబడగానే సివిల్ ఇంజనీరింగ్ చదివిన యువకులు ఇటు చూస్తున్నారు. వారు మొదట అడిగేది లైసెన్సు గురించే. కొనేవారు కూడా అదే అడుగుతారు: "మీకు లైసెన్సు ఉందా?" ఈ ప్రశ్నకు వస్తున్న జవాబుల్లో చాలావరకు తికమకే ఉంది. ఒక సంస్థ విదేశీ సంఘం ముద్ర చూపిస్తుంది, ఇంకొకటి జీఎస్టీ సంఖ్య చూపిస్తుంది, మరొకటి చార్టర్డ్ ఇంజనీరు సంతకం చూపిస్తుంది. మూడూ నిజమైనవే కావచ్చు, మూడూ వేరు వేరు సంగతులు చెబుతాయి.

మూడు కాగితాలు, మూడు అర్థాలు

లైసెన్సు అంటే, అది లేనిదే ఆ పని చేయకూడదని చట్టం చెప్పే అనుమతి. వైద్యుడికీ న్యాయవాదికీ ఉన్నది అదే. నమోదు అంటే, ఒక ప్రభుత్వ సంస్థ ఒక నిర్దిష్ట అవసరం కోసం నిర్వహించే జాబితాలో పేరు ఉండటం. ఆ అవసరం దాటితే ఆ జాబితాకు అధికారం లేదు. సర్టిఫికేట్ అంటే, ఒక శిక్షణ సంస్థో వృత్తి సంఘమో "ఈ వ్యక్తి మా పరీక్ష పాసయ్యాడు" అని చెప్పే మాట. దాన్ని నమ్మాలా వద్దా అన్నది వినేవారి ఇష్టం.

బెంగళూరులో పనిచేసే తనిఖీ సంస్థల చేతుల్లో రెండో రకం, మూడో రకం కాగితాలు ఉంటాయి. మొదటి రకం ఎవరి దగ్గరా ఉండదు, ఎందుకంటే దాన్ని ఇచ్చే అధికారి లేడు. జీఎస్టీ నమోదు, కర్ణాటక షాపులు, వాణిజ్య సంస్థల చట్టం కింద నమోదు, వృత్తి పన్ను రసీదు వంటివి వ్యాపారం ఉందని మాత్రమే చెబుతాయి. సేవలు అందించేవారి వార్షిక ఆదాయం 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. అంటే ఆ సంఖ్య ఆదాయం గురించి చెబుతుంది, స్లాబులో చెమ్మను గుర్తించగల నైపుణ్యం గురించి చెప్పదు. ప్రకటనల్లో "ప్రభుత్వ నమోదు పొందిన సంస్థ" అన్న మాట కనిపించినప్పుడు, ఏ ప్రభుత్వ విభాగం, ఏ పని కోసం నమోదు చేసిందో అడిగితే చాలా అస్పష్టత అక్కడే తొలగిపోతుంది.

అమెరికాలో ఈ వృత్తి ఎలా పుట్టింది

పోలిక కోసం అందరూ చూపించేది అమెరికాను కాబట్టి అక్కడి కథ కొంత వివరంగా చూడాలి. అక్కడ చేతులు మారే ఇళ్లలో ఎక్కువ భాగం పాతవి. అమ్మేది బిల్డరు కాదు, అందులో నివసిస్తున్న మరో కుటుంబం. ఒప్పందం కుదిరాక కొనుగోలుదారుకు కొన్ని రోజుల గడువు ఉంటుంది. ఆ గడువులో ఇల్లు చూపించుకుని, లోపాలు బయటపడితే ధర తగ్గించమనవచ్చు, మరమ్మతు అడగవచ్చు, ఒప్పందంలో ఆ షరతు ఉంటే వెనక్కి తగ్గవచ్చు. ఆ కొద్ది రోజుల గడువే హోం ఇన్‌స్పెక్టర్‌కు జీవనాధారం.

ఈ వృత్తిని ముందుకు తోసిన మరో శక్తి ఇళ్ల ఏజెంట్ల భయం. 1984లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ఈస్టన్ వర్సెస్ స్ట్రాస్‌బర్గర్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. సరిగా దిమ్మిస చేయకుండా మట్టి నింపిన నేల మీద కట్టిన ఇల్లు అది. కొన్నాక నేల జారి ఇల్లు దెబ్బతింది. ఏజెంటు కూడా ఇంటిని తగినంత శ్రద్ధతో చూసి, కనిపించే ప్రమాద సూచనలను కొనేవారికి చెప్పాలని కోర్టు తేల్చింది. ఆ బాధ్యత తమ మీద పడకుండా ఉండాలంటే, ఇల్లు చూడటమే పనిగా ఉన్న మరో నిపుణుణ్ని పిలిపించడం ఏజెంట్లకు తేలికైన దారి అయింది. ఇన్‌స్పెక్టర్లు అప్పటికే 1976లో అమెరికన్ సొసైటీ ఆఫ్ హోం ఇన్‌స్పెక్టర్స్ పేరుతో సంఘం పెట్టుకుని, తనిఖీలో ఏం చూడాలి, ఏం చూడనవసరం లేదు అన్న ప్రమాణాలు రాసుకున్నారు. రాష్ట్రాలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా చట్టాలు చేశాయి. టెక్సస్ 1985లోనే ఇన్‌స్పెక్టర్లను నియంత్రించే విధానం తెచ్చింది.

ఈ రాష్ట్రాల నిబంధనలు ఒకేలా లేవు. ఫ్లోరిడాలో 120 గంటల శిక్షణ, పరీక్ష. న్యూయార్కులో 140 గంటలు, అందులో 40 గంటలు లైసెన్సు ఉన్న ఇన్‌స్పెక్టర్ వెంట ఇళ్ల దగ్గరే గడపాలి. చాలా రాష్ట్రాలు ఆమోదించిన జాతీయ హోం ఇన్‌స్పెక్టర్ పరీక్షలో నాలుగు గంటల్లో 200 ప్రశ్నలు ఉంటాయి. వాటిలో 25 మార్కుల్లోకి రాని ప్రయోగాత్మక ప్రశ్నలు. 200 నుంచి 800 వరకు ఉండే కొలమానంలో 500 వస్తే ఉత్తీర్ణత. టెక్సస్ ఇంకా ముందుకు వెళ్లి నివేదిక నమూనాను కూడా తానే నిర్దేశించింది, ఇన్‌స్పెక్టర్‌కు కనీసం లక్ష డాలర్ల బాధ్యతా బీమా ఉండాలంది.

అందరూ మరిచిపోయే ఉదాహరణ కాలిఫోర్నియా. వృత్తికి అంత ఊపునిచ్చిన తీర్పు వచ్చిన ఆ రాష్ట్రంలోనే ఇప్పటికీ హోం ఇన్‌స్పెక్టర్ లైసెన్సు లేదు. దాని బదులు చట్టం ఇన్‌స్పెక్టర్ నడవడికను కట్టడి చేసింది. తాను నివేదిక ఇచ్చిన ఇంటికి తర్వాతి 12 నెలల్లో డబ్బు తీసుకుని మరమ్మతు చేయడం అక్కడ అనుచిత వ్యాపార చర్య. లోపం చూపించేవాడు, దాన్ని బాగు చేసి సంపాదించేవాడు ఒకరే కాకూడదన్నది దాని సారం. బెంగళూరుకు అన్నిటికంటే పనికివచ్చే పాఠం బహుశా ఇదే. దీని గురించి ఇక్కడ చర్చ దాదాపు లేదు.

బ్రిటన్‌ది వేరే దారి. అక్కడా ప్రభుత్వ లైసెన్సు లేదు, చార్టర్డ్ సర్వేయర్ల సంస్థ తన సభ్యుల ద్వారా మూడు స్థాయిల ఇంటి సర్వేలు నడిపిస్తుంది. సభ్యత్వం పోతుందన్న భయమే అక్కడి క్రమశిక్షణ.

ఇక్కడ ఎందుకు పుట్టలేదు

బెంగళూరులో కొత్త ఫ్లాటు కొనేవారు సాధారణంగా భవనం లేవకముందే డబ్బు కట్టడం మొదలుపెడతారు. పునాది దశలో ఒక వాయిదా, ప్రతి స్లాబుకూ ఒక వాయిదా. తాళాలు చేతికి వచ్చేసరికి ధరలో చాలా భాగం చెల్లింపు అయిపోయి ఉంటుంది. అప్పుడు వంద లోపాలు కనిపించినా కొనడం మానుకునే అవకాశం ఆచరణలో మిగలదు. అందుకే ఇక్కడి తనిఖీ "కొనాలా వద్దా" అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వదు, బిల్డరుతో ఏమేం సరిచేయించుకోవాలో చెప్పే జాబితాగా మిగిలిపోతుంది. అమెరికాలో తనిఖీ బేరం పూర్తిగా ముగియకముందే జరుగుతుంది, ఇక్కడ బేరం ముగిశాక వస్తుంది.

బ్యాంకు పంపే వాల్యుయర్‌ను చూసి ఇల్లు తనిఖీ అయిందని అనుకునేవారు చాలామంది. ఖర్చు రుణం తీసుకునేవారే భరిస్తారు కాబట్టి ఆ భ్రమ సహజం. కానీ వాల్యుయర్ తేల్చేది ఒక్కటే: రుణం తిరిగి రాకపోతే ఈ ఆస్తి అమ్మితే బ్యాంకుకు ఎంత వస్తుంది. స్నానాల గది కింద నీరు ఊరుతోందా అన్నది ఆ లెక్కలో రాదు. ఆక్యుపెన్సీ సర్టిఫికేట్ విషయం కూడా అంతే. ఆమోదించిన ప్లాను ప్రకారం భవనం కట్టారా, నివాసానికి అనుమతించవచ్చా అన్నది చెప్పడానికే ఆ కాగితం. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ సర్టిఫికేట్ చూశాకే విద్యుత్, నీటి కనెక్షన్లు ఇవ్వాలని ఆదేశించడంతో దాని ప్రాముఖ్యం పెరిగింది. అయినా అది భవనం మొత్తానికి సంబంధించిన అనుమతే. పడకగది గోడ మీది పగులుకు అది పూచీ పడదు.

చట్టం పాత మాట కూడా ఉంది. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కనిపించని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు చెప్పి తీరాలి. ఈ వాక్యాన్ని తిరగేసి చదివితే, మామూలు జాగ్రత్తతో కనిపించే లోపం కొనేవారి నెత్తినే ఉంటుంది. పాత ఇల్లు కొనేవారికి ఇది చాలా బరువైన షరతు.

కొత్త ఇళ్ల విషయంలో ఆ బరువును కొంత తగ్గించింది 2016 నాటి రెరా చట్టం. దాని 14వ సెక్షన్‌లోని మూడో ఉపవిభాగం ప్రకారం, స్వాధీనం చేసిన రోజు నుంచి అయిదేళ్లలోపు నిర్మాణ లోపం గానీ, పనితనం, నాణ్యత, సేవల లోపం గానీ బిల్డరు దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగవచ్చు. ఇంత బలమైన హక్కు ఉండగా, లోపం కనిపెట్టే వృత్తి కూడా దానితో పాటు ఎదగాలి. ఎదుగుతోంది కూడా, కానీ ఆ లోపాన్ని ఎవరు, ఏ ప్రమాణంతో నిర్ధారించాలో చట్టం చెప్పలేదు. ఆ ఖాళీలోనే ఇప్పటి తనిఖీ సంస్థలు పనిచేస్తున్నాయి.

రెరా నీడ పడని చోటు కూడా ఎక్కువే. 500 చదరపు మీటర్లు మించని స్థలంలోని ప్రాజెక్టుకు, లేదా 8 ఫ్లాట్లు మించని ప్రాజెక్టుకు నమోదు అవసరం లేదు. బెంగళూరులో అందరి నోటా వినిపించే 40 బై 60 స్థలం 2400 చదరపు అడుగులు, అంటే సుమారు 223 చదరపు మీటర్లు. మారతహళ్లి, మున్నెకొళాల సందుల్లో నాలుగైదు అంతస్తులుగా లేచిన భవనాల్లో చాలావాటిది ఈ కొలతే. తనిఖీ అవసరం ఎక్కడ ఎక్కువో రక్షణ అక్కడే తక్కువ. 2024 అక్టోబరులో వానల మధ్య బాబుసాపాళ్యలో కడుతున్న భవనం కూలి కార్మికులు చనిపోయినప్పుడు నగరం ఈ సంగతిని కొద్దిరోజులు మాట్లాడుకుంది.

చేతికి అందే అర్హతలు

హోం ఇన్‌స్పెక్టర్‌గా పనిచేయాలనుకునే వ్యక్తికి బెంగళూరులో ఏ కాగితాలు దొరుకుతాయి? సివిల్ ఇంజనీరింగ్ డిప్లొమా లేదా డిగ్రీ మొదటి మెట్టు. ఇక్కడే ఒక లోటు కనిపిస్తుంది. ఆర్కిటెక్టులకు 1972 నాటి కేంద్ర చట్టం ఉంది, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కానివారు ఆ పేరు వాడుకోకూడదు. ఇంజనీర్లకు అలాంటి కేంద్ర చట్టం లేదు. గుజరాత్ 2006లో తన రాష్ట్రం వరకు సివిల్ ఇంజనీర్ల కోసం ఒక చట్టం చేసింది. ఇంజనీరు అన్న పేరుకే దేశమంతటికీ వర్తించే చట్టపు కాపలా లేనప్పుడు, హోం ఇన్‌స్పెక్టర్ అన్న పేరుకు ఎక్కడి నుంచి వస్తుంది?

నగరపాలక సంస్థ దగ్గర నమోదైన ఇంజనీర్ల జాబితా ఒకటి ఉంటుంది. 2025 సెప్టెంబరులో బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద అయిదు నగరపాలక సంస్థలు వచ్చాయి. అయినా ఆ జాబితా ఉద్దేశం మారలేదు: ప్లాను సమర్పించడం, నిర్మాణాన్ని పర్యవేక్షించడం. ఆ ఇంజనీరు కట్టించే యజమాని తరఫున పనిచేస్తాడు. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఇచ్చే చార్టర్డ్ ఇంజనీరు గుర్తింపు మరొకటి. 1920లో మొదలై 1935లో రాయల్ చార్టర్ పొందిన ఈ సంస్థ గుర్తింపునకు కార్యాలయాల్లో, కోర్టుల్లో మర్యాద ఉంది. అనుభవాన్ని, చదువును అది ధ్రువీకరిస్తుంది. ఇంటి తనిఖీలో ప్రత్యేక పరీక్ష పెట్టదు.

ఇక్కడ లైసెన్సుకు రూపంలో అన్నిటికంటే దగ్గరగా ఉన్నది రిజిస్టర్డ్ వాల్యుయర్ విధానం. 2017 నాటి నిబంధనల కింద దివాలా వ్యవహారాల బోర్డు, అంటే ఐబీబీఐ, దీన్ని నడుపుతుంది. భూమి, భవనాల విభాగంలో ఇంజనీరింగ్ లేదా ఆర్కిటెక్చర్ పట్టభద్రులకు అయిదేళ్ల అనుభవం, స్నాతకోత్తర పట్టా ఉన్నవారికి మూడేళ్ల అనుభవం ఉండాలి. గుర్తింపు పొందిన వాల్యుయర్ల సంస్థలో సభ్యత్వం తీసుకుని, 50 గంటల శిక్షణ పూర్తి చేసి, కంప్యూటర్ పరీక్షలో 60 శాతం తెచ్చుకోవాలి. శిక్షణ, పరీక్ష, నడవడిక నియమావళి, తప్పు చేస్తే నమోదు రద్దు, ఈ అంగాలన్నీ ఉన్న వ్యవస్థ ఇది. హోం ఇన్‌స్పెక్టర్ లైసెన్సును ఎవరైనా రూపొందించదలిస్తే నమూనా ఇక్కడే సిద్ధంగా ఉంది. లోపించినదల్లా విషయం: ఇది ఆస్తి విలువ కట్టడం నేర్పుతుంది, ఇంటి రోగం చూడటం నేర్పదు.

నిజమైన లైసెన్సు ఉన్నది విద్యుత్తు పనికి. రాష్ట్ర విద్యుత్ తనిఖీ శాఖ పరిధిలో వైర్‌మన్, సూపర్‌వైజర్ పర్మిట్లు, కాంట్రాక్టర్ లైసెన్సులు ఉన్నాయి. లిఫ్టులకు 2012 నాటి కర్ణాటక చట్టం వేరుగా ఉంది. తనిఖీ బృందంలో పర్మిట్ ఉన్న విద్యుత్ నిపుణుడు ఒకరు ఉంటే ఎర్తింగు, లోడు, లీకేజీ కరెంటును ఆపే 30 మిల్లీయాంపియర్ల రక్షణ పరికరం గురించి రాసిన పేరాలకు బలం వస్తుంది. మిగతా పేరాలకు ఆ బలం రాదు.

అమెరికా కేంద్రంగా ఉన్న ఇన్‌స్పెక్టర్ల సంఘాల ఆన్‌లైన్ పరీక్షలు రాసి సభ్యత్వం తీసుకునేవారు కూడా ఉన్నారు. ఆ పాఠాల్లో నేర్చుకోదగింది చాలా ఉంది. ముఖ్యంగా నివేదిక రాసే పద్ధతి. కానీ వాటిలో చెప్పే ఇల్లు చెక్క చట్రంతో కట్టి, పైకప్పుకు షింగిల్స్ అనే పలుచటి పలకలు వేసి, లోపల వేడి గాలి కొలిమి పెట్టుకున్న ఇల్లు. కాంక్రీటు స్లాబు, పైన నీళ్ల ట్యాంకు, స్నానాల గది కింద లోతుగా దించి నింపిన స్లాబు ఉన్న మన ఇంటికి ఆ జాబితాను అలాగే అతికిస్తే సగం గడులు ఖాళీగా మిగులుతాయి. అసలు చూడాల్సినవాటికి గడులే ఉండవు.

పరికరం చూసేది, చూడనిది

లైసెన్సు లేని చోట పరికరాలు అర్హతగా చెలామణి అవుతాయి. అందుకే వాటి పనితీరు తెలియడం అవసరం. థర్మల్ కెమెరా నీటిని చూడదు, గోడ ఉపరితలం మీది ఉష్ణోగ్రత తేడాను చూస్తుంది. తడిసిన చోట నీరు ఆవిరవుతూ గోడను చల్లబరుస్తుంది కాబట్టి ఆ చోటు వేరే రంగులో కనబడుతుంది. ఎండ పడి వేడెక్కిన గోడ మీదా, ఎండలు ముదిరి తడి పూర్తిగా ఆరిపోయినప్పుడూ ఆ చిత్రం తప్పుదారి పట్టించవచ్చు. అనుమానం వచ్చిన చోట తేమ మీటరుతో మళ్లీ చూసి నిర్ధారించాలి.

ఇక్కడే పంచాంగం కూడా లెక్కలోకి వస్తుంది. తెలుగు కుటుంబాలు గృహప్రవేశానికి ఎక్కువగా ఎంచుకునేవాటిలో మాఘ, ఫాల్గుణ మాసాలు ముందుంటాయి. బెంగళూరులో అవి పొడి నెలలు. వానలు జోరుగా కురిసేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. అంటే ముహూర్తం కోసం తొందరపడి తాళాలు తీసుకున్నప్పుడు బయటి గోడలు వాననీటిని ఆపుతాయో లేదో తెలుసుకునే దారే ఉండదు. స్నానాల గదిని మాత్రం ఏ నెలలోనైనా పరీక్షించవచ్చు: కన్నాలు మూసి, 24 నుంచి 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది అంతస్తు పైకప్పును చూడాలి. ఒక పూటలో ముగిసే తనిఖీలో దీనికి చోటు లేదు. అడిగితే తప్ప చాలామంది చేయరు.

కాంక్రీటు గట్టిదనాన్ని అంచనా వేసే రీబౌండ్ హామర్ గురించి మరింత జాగ్రత్త కావాలి. దాని అంచనా ప్లస్ లేదా మైనస్ 25 శాతం వరకు తేడా రావచ్చని భారతీయ ప్రమాణమే చెప్పింది. అంటే చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్లు అని చూపిస్తే నిజం 15 కావచ్చు, 25 కావచ్చు. మొదటిది ఆందోళనకరం, రెండోది నిశ్చింత. అలాంటి ఒక్క అంకెను ఎర్ర అక్షరాలతో నివేదికలో పెట్టి కుటుంబాన్ని భయపెట్టడం అన్యాయం. ధ్వని తరంగాలతో చేసే అల్ట్రాసోనిక్ పరీక్ష, అవసరమైతే కాంక్రీటు నుంచి ముక్క (కోర్) తీసి పరీక్ష, వాటిని చదవగల స్ట్రక్చరల్ ఇంజనీరు, ఇవన్నీ ఉన్నప్పుడే దాని గురించి మాట్లాడాలి. కాంక్రీటు లోపల ఇనుముకు ఎంత కవచం ఉందన్నది కూడా కంటికి కనిపించదు. కాంక్రీటు నిర్మాణానికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం వాతావరణ తీవ్రత తక్కువైన చోట 20, మధ్యస్థమైన చోట 30, తీవ్రమైన చోట 45 మిల్లీమీటర్లు ఉండాలి. సముద్రపు గాలి తగిలే చెన్నై ఫ్లాటుకూ, బెంగళూరు ఫ్లాటుకూ ఒకే జాబితాతో తనిఖీ చేయడం కుదరదన్నది ఈ అంకెల్లోనే ఉంది.

టైళ్లను చిన్న కడ్డీతో తడుతూ డొల్ల శబ్దం వినడం, బాల్కనీ వాలు నీటిని లోపలికి తెస్తోందో బయటికి తోస్తోందో చూడటం, ప్లాస్టరు మీది వెంట్రుక పగులుకూ బీము మీది ఏటవాలు పగులుకూ తేడా చెప్పడం, ఇవి ఖరీదైన పరికరం అక్కర్లేని పనులు. ఇక్కడ కావలసింది చూపు. ఆ చూపును అలవరిచే శిక్షణ మనవద్ద ఒక పద్ధతిగా లేకపోవడమే లైసెన్సు లేకపోవడం కంటే పెద్ద లోటు.

నివేదికకు బరువు ఎక్కడి నుంచి వస్తుంది

వివాదం వచ్చినప్పుడు లైసెన్సు లేని వ్యక్తి నివేదిక చెల్లదన్న అభిప్రాయం తరచూ వినిపిస్తుంది. చట్టం అలా చెప్పదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 39వ సెక్షన్ నిపుణుల అభిప్రాయం గురించి మాట్లాడుతుంది. పాత సాక్ష్య చట్టంలో ఇది 45వ సెక్షన్. ఆ విషయంలో ప్రత్యేక నైపుణ్యం ఉన్న వ్యక్తి అభిప్రాయాన్ని పరిగణించవచ్చని అది చెబుతుంది. నైపుణ్యం ఉందని చూపించాల్సింది చదువుతో, అనుభవంతో, వాడిన పద్ధతితో. లైసెన్సు ఉంటే ఈ పని ఒక్క వాక్యంలో అయిపోయేది. లేదు కాబట్టి నివేదిక ఆ భారాన్ని తానే మోయాలి.

అంటే తనిఖీ జరిగిన తేదీ, సమయం, వాతావరణం, వాడిన పరికరం, ప్రతి ఫొటో ఎక్కడిది, ఏ ప్రమాణంతో పోల్చారు, ఏవి చూడలేకపోయారు అన్నవన్నీ అందులో ఉండాలి. చివరిది చాలా నివేదికల్లో కనిపించదు. ఫాల్స్ సీలింగ్ వెనక చూడలేదని, గొట్టాల దారి తెరవలేదని రాయడం బలహీనత అనుకుంటారు. నిజానికి అది రాసిన నివేదికనే ఎదుటి పక్షం న్యాయవాది కదపలేడు. రెరా అథారిటీ కూడా 35వ సెక్షన్ కింద తన తరఫున విచారణకు వ్యక్తులను నియమించగలదు. అలా వచ్చిన ఇంజనీరు అదే లోపాన్ని అదే చోట చూడగలిగేలా రాసి ఉంటే కొనుగోలుదారు నివేదిక పని నెరవేరినట్టే.

తప్పు నివేదిక ఇచ్చిన సంస్థ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి ఉంది. సేవాలోపం కింద రెండేళ్లలో ఫిర్యాదు చేయాలి. కానీ ఒప్పంద పత్రంలో "మా బాధ్యత మీరు చెల్లించిన రుసుముకే పరిమితం" అన్న వాక్యం ఉంటే అక్కడ పెద్ద వాదనే జరుగుతుంది. టెక్సస్‌లో బీమా ఎందుకు తప్పనిసరి చేశారో ఈ వాక్యం చూస్తే అర్థమవుతుంది.

ఎవరి డబ్బు, ఎవరి మాట

బెంగళూరు తనిఖీ సంస్థల్లో కొన్ని వాటర్‌ప్రూఫింగ్, ఇంటీరియర్, మరమ్మతు పనులు కూడా చేస్తాయి. తనిఖీ చవకగానో ఉచితంగానో చేసి, దొరికిన లోపాల మరమ్మతుకు అంచనా ఇవ్వడం ఒక వ్యాపార పద్ధతి. ఇంకొన్ని సంస్థలకు బిల్డర్లే ఖాతాదారులు, స్వాధీనానికి ముందు బిల్డరు కోసం అదే భవనంలో లోపాల జాబితా రాసి ఉంటాయి. ఈ రెండు పనులూ చట్టవిరుద్ధం కావు. ఒకదానిలో లోపాలు పెరిగే ప్రమాదం ఉంది, రెండోదానిలో తగ్గే ప్రమాదం ఉంది. పాత ఇళ్ల విషయంలో పరిచయం చేసిన బ్రోకరుకు కమిషన్ వెళ్లే అలవాటు ఉంటే, బేరం చెడగొట్టే నివేదిక రాయడానికి ఆ ఇన్‌స్పెక్టర్‌కు చేయి ఎలా వస్తుంది?

లైసెన్సు ఒక్కటే దీన్ని బాగు చేస్తుందని అనుకోవడానికి ఆధారం తక్కువ. చెన్నై శివారు మౌలివాక్కంలో 2014 జూన్‌లో 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్లిన కూలీలు. ఆ భవనానికి ప్లాను అనుమతి ఉంది, అర్హులైన నిపుణుల సంతకాలు ఉన్నాయి. ఆ తర్వాత తమిళనాడు 2019లో తెచ్చిన సమ్మిళిత భవన నిబంధనల్లో స్ట్రక్చరల్ ఇంజనీరు, భూసాంకేతిక ఇంజనీరు, నాణ్యత ఆడిటర్ వంటి నిపుణులకు వేర్వేరుగా నమోదు ఉంది. అది మంచి అడుగు. అయితే ఆ నిపుణులందరికీ జీతమిచ్చేది కట్టించేవారే. కొనేవారి తరఫున, కొనేవారికి మాత్రమే జవాబుదారీగా ఉండే మనిషి స్థానం చెన్నైలోనూ ఖాళీగానే ఉంది.

లైసెన్సు వస్తే ఏం మారుతుంది

ఒకవేళ కర్ణాటక రేపు లైసెన్సు తెస్తే మొదటి ప్రభావం రుసుముల మీద పడుతుంది. శిక్షణ, పరీక్ష, బీమా ఖర్చులన్నీ చివరికి కొనేవారి బిల్లులోకే చేరతాయి. చిన్న స్థలంలో చిన్న ఇల్లు కొనే కుటుంబం తనిఖీనే మానుకుంటే అది ఎదురుదెబ్బ. పనితనం తెలిసిన, డిగ్రీ లేని పాత మేస్త్రీలు, సైటు సూపర్‌వైజర్లు ఈ పనికి దూరమవుతారు. తడి ఎక్కడి నుంచి వస్తోందో గోడ మీద చేయి పెట్టి చెప్పగలవారు వారిలో ఉన్నారు. ఇంకోవైపు, లైసెన్సు ఉంటే బ్యాంకులు, బీమా సంస్థలు ఆ నివేదికను గుర్తించగలుగుతాయి. ఇన్‌స్పెక్టర్ తప్పు చేస్తే ఫిర్యాదు చేయడానికి ఒక చిరునామా దొరుకుతుంది.

చట్టం కంటే ముందు మార్పు వచ్చే అవకాశం మరో రెండు చోట్ల ఉంది. ఒకటి అమ్మకపు ఒప్పందం: స్వాధీనానికి ముందు కొనుగోలుదారు పిలిచిన మూడో పక్షం తనిఖీని అనుమతించాలన్న నిబంధన. ఇప్పుడు చాలామంది బిల్డర్లు భద్రత పేరుతో బయటి ఇన్‌స్పెక్టర్లను లోనికి రానివ్వడానికి వెనకాడుతున్నారు. తాళాలు తీసుకున్నాకే చూసుకోమంటున్నారు. స్వాధీన పత్రం మీద "అన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి" అని సంతకం తీసుకున్నాక ఆ తనిఖీకి సగం బలం పోతుంది. రెండోది నివాసుల సంఘాలు. పెద్ద అపార్టుమెంటు సముదాయాల్లో ఉమ్మడి ప్రాంతాలు, ట్యాంకులు, మురుగునీటి శుద్ధి కేంద్రం, లిఫ్టులు బిల్డరు నుంచి సంఘం చేతికి వచ్చేటప్పుడు సాంకేతిక ఆడిట్ చేయించడం పెరుగుతోంది. అక్కడ ఖర్చు వందల ఇళ్ల మీద పంచుకుంటారు కాబట్టి అర్హులైన స్ట్రక్చరల్ ఇంజనీరును, పర్మిట్ ఉన్న విద్యుత్ నిపుణుణ్ని పిలిపించగలరు. ఈ వృత్తికి నిజమైన శిక్షణ ఇప్పుడు దొరుకుతున్నది ఆ ఆడిట్లలోనే.

ఈ పనిలోకి రాదలచిన యువ ఇంజనీరుకు అందువల్ల నేటి దారి ఇలా ఉంది: కొన్నేళ్ల సైటు అనుభవం, చార్టర్డ్ ఇంజనీరు గుర్తింపు లేదా వాల్యుయర్ నమోదు, విద్యుత్ భాగానికి పర్మిట్ ఉన్న భాగస్వామి, వృత్తి బాధ్యతా బీమా, తనిఖీ చేసిన ఇంట్లో మరమ్మతు పని ఒప్పుకోనని ముందే రాసి ఇచ్చే ఒక వాక్యం. కొనేవారు అడగాల్సినవి కూడా ఇవే. "లైసెన్సు ఉందా" అన్న ప్రశ్నకు "ఆ పేరుతో మన దేశంలో ఎవరికీ లేదు, నాకున్నవి ఇవి" అని చెప్పి కాగితాలు ముందు పెట్టే ఇన్‌స్పెక్టర్ దగ్గర మాట్లాడటం మొదలుపెట్టవచ్చు.